బ్లేక్ పోయాడు, అతని కిందివాళ్లు మిగిలారు
డేటాబేస్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. ఒకే టేబుల్‌లో పై అధికారి, కింది ఉద్యోగి లాంటి సంబంధం ఉంది. దాన్ని చెట్టులా పైనుంచి కిందికి తెస్తున్నాం. మధ్యలో ఒక కొమ్మ వద్దు. ఎలా తీసేయాలి?

అందరికీ ఒకే ఉదాహరణ మీద చెబితే పోల్చి చూసుకోవడం తేలిక. అందుకే ఒరాకిల్ నేర్చుకున్నవాళ్లందరికీ పరిచయమైన స్కాట్ స్కీమాలోని ఎంప్ టేబుల్‌ తీసుకున్నాం. అందులో 14 వరుసలు. అందరికంటే పైన కింగ్ (7839). ఎంప్‌నో అంటే ఉద్యోగి నంబర్, ఈనేమ్ అంటే పేరు, ఎంజీఆర్ అంటే పై అధికారి నంబర్. కింగ్‌కు పైన ఎవరూ లేరు కాబట్టి అతని ఎంజీఆర్ కాలమ్ నల్ (ఖాళీ). కింగ్ కింద జోన్స్ (7566), బ్లేక్ (7698), క్లార్క్ (7782). జోన్స్ కింద స్కాట్, ఫోర్డ్. స్కాట్ కింద ఆడమ్స్, ఫోర్డ్ కింద స్మిత్. బ్లేక్ కింద అలెన్, వార్డ్, మార్టిన్, టర్నర్, జేమ్స్. క్లార్క్ కింద మిల్లర్ ఒక్కడే.

క్వెరీలను తెలుగు అక్షరాల్లోనే అచ్చువేశాం. కంప్యూటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్‌లో కొట్టుకోవాలి.

ప్రశ్న: బ్లేక్, అతని టీమ్ మొత్తం రిపోర్ట్‌లో రాకూడదు. వేర్‌లో ఈనేమ్ <> 'బ్లేక్' అని పెట్టాను. బ్లేక్ ఒక్కడే పోయాడు. అతని కింది ఐదుగురూ లెవెల్ 3తో (పైనుంచి మూడో మెట్టులో) అలాగే ఉన్నారు. ఇది ఒరాకిల్ బగ్గా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: బగ్ కాదు. మీ క్వెరీ ఇలా ఉండి ఉంటుంది:

సెలెక్ట్ లెవెల్, ఈనేమ్
ఫ్రమ్ ఎంప్
వేర్ ఈనేమ్ <> 'బ్లేక్'
స్టార్ట్ విత్ ఎంజీఆర్ ఈజ్ నల్
కనెక్ట్ బై ప్రయర్ ఎంప్‌నో = ఎంజీఆర్

రాతలో వేర్ ముందు వచ్చినా, పనిలో అది చివర వస్తుంది. హయరార్కికల్ క్వెరీలో (చెట్టులా దిగే క్వెరీలో) ఒరాకిల్ పాటించే వరస ఇది: జాయిన్ ఉంటే ముందు అది. తర్వాత స్టార్ట్ విత్‌తో రూట్ (చెట్టుకు మొదలైన వరుస) పట్టుకుని, కనెక్ట్ బై ప్రకారం చెట్టంతా తిరగడం. వేర్‌లో మిగిలిన కండిషన్లు ఆ తర్వాతే. మీ కండిషన్ వంతు వచ్చేసరికి అలెన్, వార్డ్ అందరూ బ్లేక్ ద్వారా అప్పటికే లోపలికి వచ్చేశారు. వేర్ ఒక్కొక్క వరుసనూ విడిగా చూస్తుంది. అలెన్ పేరు బ్లేక్ కాదు కాబట్టి అతన్ని ఉంచేస్తుంది. ఫలితం 13 వరుసలు.

ఆ కండిషన్‌ను కిందికి దించండి:

స్టార్ట్ విత్ ఎంజీఆర్ ఈజ్ నల్
కనెక్ట్ బై ప్రయర్ ఎంప్‌నో = ఎంజీఆర్ అండ్ ఈనేమ్ <> 'బ్లేక్'

ఇప్పుడు బ్లేక్ దగ్గరకు రాగానే దారి మూసుకుపోతుంది. అతను లోపలికి రాడు కాబట్టి అతని కిందికి దిగే ప్రశ్నే లేదు. ఫలితం 8 వరుసలు. మొదటి పద్ధతి చెట్టంతా ఎక్కి దిగాక ఆకులు ఏరడం లాంటిది, రెండోది ఎక్కేటప్పుడే కొమ్మ నరికేయడం.

మొదటి పద్ధతిలో ఇంకో ప్రమాదం ఉంది, అది వరుసల లెక్కలో కనబడదు. చాలామంది లెవెల్‌ను బట్టి ఎడమవైపు ఖాళీలు పెట్టి చెట్టు ఆకారంలో రిపోర్ట్ ఇస్తారు. ఆర్డర్ సిబ్లింగ్స్ బై ఎంప్‌నో అని పెడితే జోన్స్ కొమ్మ అయిపోయాక బ్లేక్ కొమ్మ వస్తుంది. బ్లేక్ వరుస మాయమైతే అలెన్, వార్డ్ వగైరా లెవెల్ 3 ఖాళీలతో సరిగ్గా జోన్స్ మనుషుల కిందే అచ్చవుతారు. చూసేవాళ్లు ఆ ఐదుగురూ జోన్స్ టీమ్ అనుకుంటారు. డేటా తప్పు కాదు, క్వెరీ ఎర్రర్ ఇవ్వదు, రిపోర్ట్ మాత్రం అబద్ధం చెబుతుంది. వేర్‌లో మధ్య నోడ్లను తీసేసే క్వెరీ కనబడితే మేం ముందు అనుమానించేది ఇదే.

ప్రశ్న: నాకు బ్లేక్ కావాలి, అతని కిందివాళ్లే వద్దు. అలా కుదురుతుందా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఒక్క మాట తేడా. కండిషన్‌కు ముందు ప్రయర్ చేర్చండి:

కనెక్ట్ బై ప్రయర్ ఎంప్‌నో = ఎంజీఆర్ అండ్ ప్రయర్ ఈనేమ్ <> 'బ్లేక్'

ప్రయర్ ఉంటే తల్లి వరుసను చూడమని, లేకపోతే ఇప్పుడు రాబోతున్న పిల్ల వరుసను చూడమని అర్థం. ఇక్కడ తల్లి బ్లేక్ అయితే పిల్లల్ని చేర్చుకోవద్దంటున్నాం. బ్లేక్ ఉంటాడు, ఐదుగురూ పోతారు, 9 వరుసలు మిగులుతాయి. ఈ క్వెరీలో కనెక్ట్‌_బై_ఈజ్‌లీఫ్ అడిగితే బ్లేక్‌కు 1 వస్తుంది. ఎందుకంటే ఆ సూచిక కనెక్ట్ బై గీసిన చెట్టును బట్టే లీఫ్ (కింద ఎవరూ లేని వరుస) అవునో కాదో తేలుస్తుంది. అదే వేర్‌లో ఐదుగురినీ తీసేస్తే బ్లేక్‌కు 0 వస్తుంది: కింద ఎవరూ కనబడరు, కానీ లీఫ్ కాదంటుంది. ఈ సూచికను చూసి స్క్రీన్ మీద ప్లస్ గుర్తు చూపించే అప్లికేషన్లలో, నొక్కితే ఏమీ తెరుచుకోని ప్లస్‌లు ఇలాగే పుడతాయి.

ప్రశ్న: కండిషన్ కనెక్ట్ బైలోనే పెట్టాను. అయినా బ్లేక్ వస్తున్నాడు. పైగా అతని కిందివాళ్లు కూడా! స్టార్ట్ విత్ ఎంజీఆర్ = 7839 అని ఉంది.
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కనెక్ట్ బై కండిషన్ రూట్ వరుసలకు వర్తించదు. మీరు స్టార్ట్ విత్‌లో కింగ్‌కు నేరుగా కింద ఉన్న ముగ్గురినీ రూట్లుగా తీసుకున్నారు. అందులో బ్లేక్ ఒకడు. అతను కనెక్ట్ బై గుమ్మం దాటి రాలేదు, నేరుగా లోపలే మొదలయ్యాడు. అతని కింది ఐదుగురి పేర్లు బ్లేక్ కాదు కాబట్టి వాళ్లకూ అడ్డు లేదు. స్టార్ట్ విత్ ఎంజీఆర్ = 7839 అండ్ ఈనేమ్ <> 'బ్లేక్' అని అక్కడ కూడా రాయాలి. కండిషన్ రెండుచోట్లా ఉండాల్సిందే.

స్టార్ట్ విత్ అసలు రాయకపోతే టేబుల్‌లోని ప్రతి వరుసా రూట్ అవుతుంది. అప్పుడు కొమ్మ తీసేయడమన్న మాటకే అర్థం ఉండదు: అలెన్ తనకు తానే రూట్‌గా వస్తాడు. ఫలితంలో ఒకే మనిషి రెండు మూడుసార్లు కనబడితే ముందు స్టార్ట్ విత్ ఉందో లేదో చూడండి.

ప్రశ్న: 1400 కమీషన్ ఉన్న ఉద్యోగిని తీసేద్దామని కనెక్ట్ బైలో కామ్ <> 1400 చేర్చాను. మొత్తం టేబుల్ నుంచి కింగ్ ఒక్కడే వచ్చాడు.
– పాఠకుడు, తిరుపతి

జవాబు: ఎంప్‌లో కామ్ కాలమ్‌లో విలువ ఉన్నది నలుగురికే: అలెన్ 300, వార్డ్ 500, మార్టిన్ 1400, టర్నర్ 0. మిగతా అందరికీ నల్. నల్‌ను 1400తో పోలిస్తే జవాబు అవును కాదు, కాదు కాదు, 'తెలియదు'. 'తెలియదు' వచ్చిన వరుసను కనెక్ట్ బై చేర్చుకోదు. జోన్స్, బ్లేక్, క్లార్క్ ముగ్గురికీ కామ్ నల్, కాబట్టి మూడు కొమ్మలూ మొదట్లోనే తెగిపోయాయి. కింగ్‌కూ నల్లే, కానీ అతను రూట్ కావడం వల్ల బతికిపోయాడు.

మామూలు క్వెరీలో నల్ పొరపాటుకు ఒక వరుస పోతుంది. ఇక్కడ ఆ వరుస కింద ఉన్న సంసారమంతా పోతుంది. ఎన్‌వీఎల్(కామ్, 0) <> 1400 అని, అంటే నల్‌ను 0గా చదవమని, రాస్తే మార్టిన్ ఒక్కడే పోయి 13 వరుసలు వస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే కామ్ ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ 1400 అని నేరుగా రాయొచ్చు. కొమ్మ తీసేసే కండిషన్ ఏ కాలమ్ మీద పెడుతున్నారో ఆ కాలమ్ నాట్ నల్ అవునో కాదో ముందు చూసుకోండి. ఆక్టివ్ = 'వై' లాంటి జెండాలు ఎక్కువగా ఇక్కడే కాటేస్తాయి, ఎందుకంటే పాత వరుసల్లో ఆ కాలమ్ ఖాళీగా ఉంటుంది.

ప్రశ్న: ఎంప్‌ను డెప్ట్‌తో (డిపార్ట్‌మెంట్ల టేబుల్‌తో) జాయిన్ చేసి, న్యూయార్క్‌లో ఉన్న డిపార్ట్‌మెంట్‌ను తీసేయాలి. కండిషన్ పెట్టే చోటును బట్టి మూడు రకాల జవాబులు వస్తున్నాయి. ఏది సరైనది?
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మూడూ సరైనవే, మూడు వేర్వేరు ప్రశ్నలకు. న్యూయార్క్ అంటే డిపార్ట్‌మెంట్ 10: కింగ్, క్లార్క్, మిల్లర్.

కండిషన్‌ను జాయిన్‌లోని ఆన్‌లో పెడితే చెట్టు ఎక్కకముందే ఆ ముగ్గురూ పోతారు. రూట్ అయిన కింగే లేడు కాబట్టి స్టార్ట్ విత్‌కు ఎవరూ దొరకరు: 0 వరుసలు. వేర్‌లో పెడితే చెట్టంతా తిరిగాక ముగ్గురూ పోతారు: 11. కనెక్ట్ బైలో పెడితే కింగ్ రూట్ కాబట్టి ఉంటాడు, క్లార్క్ దగ్గర కొమ్మ తెగుతుంది, మిల్లర్ కూడా అతనితో పోతాడు: 12.

జాయిన్, హయరార్కీ రెండూ ఒకే సెలెక్ట్‌లో కలిపితే ఏది ముందో చదివేవాళ్లకు గుర్తుండదు. ముందే వడగట్టాల్సింది ఉంటే దాన్ని లోపలి వ్యూలో పెట్టండి, హయరార్కీని బయట రాయండి. ఆర్నెల్ల తర్వాత ఆ క్వెరీని తెరిచే మనిషి మీకు దండం పెడతాడు.

ప్రశ్న: మాది పోస్ట్‌గ్రెస్. ఇంకో ప్రాజెక్ట్ మైఎస్‌క్యూఎల్. కనెక్ట్ బై లేదు. ఏం చేయాలి?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: రికర్సివ్ విత్ వాడండి. ఇది ఎస్‌క్యూఎల్ 1999 ప్రమాణంలోనే ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 వెర్షన్ నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 8.4 నుంచి, ఒరాకిల్‌లో 11జీ ఆర్2 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి ఉంది. మాకు అడిగితే, కొత్తగా రాసేది ఒరాకిల్‌లో అయినా ఇలాగే రాయడం మేలు, ఎందుకంటే వడపోత ఎప్పుడు జరుగుతుందో రాతలోనే కనబడుతుంది.

విత్ రికర్సివ్ టీ ఆజ్ (
సెలెక్ట్ ఎంప్‌నో, ఈనేమ్, 1 ఆజ్ మెట్టు
ఫ్రమ్ ఎంప్ వేర్ ఎంజీఆర్ ఈజ్ నల్
యూనియన్ ఆల్
సెలెక్ట్ ఈ.ఎంప్‌నో, ఈ.ఈనేమ్, టీ.మెట్టు + 1
ఫ్రమ్ ఎంప్ ఈ జాయిన్ టీ ఆన్ ఈ.ఎంజీఆర్ = టీ.ఎంప్‌నో
వేర్ ఈ.ఈనేమ్ <> 'బ్లేక్'
)
సెలెక్ట్ * ఫ్రమ్ టీ

యూనియన్ ఆల్‌కు పైది మొదలు, కిందిది ఒక్కొక్క మెట్టు దిగే భాగం. కింది భాగంలో ఈ.ఈనేమ్ మీద కండిషన్ పెడితే కొమ్మ మొత్తం పోతుంది (8). టీ.ఈనేమ్ మీద పెడితే బ్లేక్ ఉండి కిందివాళ్లు పోతారు (9). ఒరాకిల్ ప్రయర్ చేసే పనే ఇది. అన్నిటికంటే చివరి సెలెక్ట్‌లో పెడితే బ్లేక్ ఒక్కడే పోతాడు (13). పై భాగానికి వేరే వేర్ ఉంది కాబట్టి రూట్లను తీసేయాలంటే అక్కడ విడిగా రాయాలి. విశాఖ పాఠకుడి చిక్కు ఇక్కడా ఉంది, కాకపోతే కళ్లకు కనబడుతుంది.

ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో రికర్సివ్ అన్న మాట రాయకూడదు, ఒట్టి విత్ చాలు. ఒరాకిల్‌లో టీ పక్కన కాలమ్ పేర్ల జాబితా తప్పనిసరి. లోతుకు హద్దులు కూడా ఉన్నాయి: ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా 100 మెట్ల దగ్గర ఆపేస్తుంది, మ్యాక్స్‌రికర్షన్ ఆప్షన్‌తో పెంచుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో హద్దు 1000, దాన్ని సీటీఈ_మ్యాక్స్_రికర్షన్_డెప్త్ వేరియబుల్‌తో మార్చుకోవాలి. రూట్ నుంచి దారిని అక్షరాల్లో కూడబెట్టుకుంటూ వెళ్లేవాళ్లు పై భాగంలోనే ఆ కాలమ్‌ను కాస్ట్‌తో పెద్దది చేయాలి. లేకపోతే మైఎస్‌క్యూఎల్ కాలమ్ వెడల్పును మొదటి వరుసను బట్టి ఖాయం చేసి రెండు మెట్లు దిగగానే డేటా పట్టడం లేదంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే రెండు భాగాల టైపులు కలవడం లేదని మొదట్లోనే తిరగ్గొడుతుంది.

ప్రశ్న: తీసేయాల్సిన కొమ్మలు నలభై దాకా ఉన్నాయి, నెలనెలా మారతాయి. క్వెరీలో పేర్లు రాయలేను.
– పాఠకుడు, కర్నూలు

జవాబు: రాయకూడదు కూడా. మినహాయింపు అని ఒక టేబుల్ పెట్టి అందులో ఎంప్‌నోలు వేసుకోండి. దిగే భాగంలో ఇలా అడగండి: నాట్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ మినహాయింపు ఎమ్ వేర్ ఎమ్.ఎంప్‌నో = ఈ.ఎంప్‌నో). మొదలు భాగంలో కూడా అదే పెట్టండి.

నాట్ ఇన్ వాడొద్దు. ఆ టేబుల్‌లో ఒక్క నల్ దూరితే ఏ వరుసకూ కండిషన్ నిజం కాదు. మీకు ఏమీ రాదు. దిగే భాగంలో మాత్రమే పెట్టి ఉంటే రూట్ ఒక్కటే వస్తుంది. లెఫ్ట్ జాయిన్ చేసి ఈజ్ నల్ చూడడం మరో అలవాటు. ఎస్‌క్యూఎల్ సర్వర్ దీన్ని రికర్షన్ భాగంలో ఒప్పుకోదు, 462 నంబర్ ఎర్రర్ ఇస్తుంది. నాట్ ఎగ్జిస్ట్స్ అన్నిచోట్లా నడుస్తుంది. మినహాయింపు టేబుల్‌లో ఎంప్‌నోను ప్రైమరీ కీ చేయడం మర్చిపోకండి, దాంతో నల్ బెడద కూడా వదులుతుంది.

ప్రశ్న: రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఉన్న టేబుల్ మాది. 2016కు ముందు జిల్లాలు కూడా చరిత్ర కోసం ఉంచాం. పాత లింక్‌లను వేర్‌లో తేదీతో తీసేస్తే మండలం ఒక్కసారే వస్తోంది కానీ గ్రామాలు రెండేసిసార్లు వస్తున్నాయి.
– పాఠకుడు, వరంగల్

జవాబు: ఇక్కడ ఒక పిల్లకు ఇద్దరు తల్లులు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. మీ లింక్ టేబుల్‌లో జనగామ మండలానికి రెండు వరుసలు ఉంటాయి: 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా కింద ఒకటి, తర్వాత జనగామ జిల్లా కింద మరొకటి. కానీ ఆ మండలంలోని గ్రామాలకు మండలంతో ఉన్న లింక్ మారలేదు, అది ఒక్కటే వరుస, ఇప్పటికీ చెల్లుతుంది. చెట్టు తిరిగేటప్పుడు మండలం రెండు దారుల్లో వస్తుంది, గ్రామాలు కూడా రెండు దారుల్లోనూ వస్తాయి. తర్వాత వేర్ వచ్చి తేదీ చెల్లని పాత మండల లింక్‌ను మాత్రం తీసేస్తుంది. గ్రామాల వరుసల్లో తేదీ తప్పేమీ లేదు కదా, అవి రెండు జతలూ మిగులుతాయి.

తేదీ కండిషన్ కనెక్ట్ బైలోకి వెళ్లాలి, లేదా రికర్సివ్ విత్‌లో దిగే భాగంలోకి: మొదలు తేదీ <= చూడాల్సిన తేదీ, ముగింపు తేదీ నల్ లేదా > చూడాల్సిన తేదీ. ఈ రెండో సగాన్ని బ్రాకెట్లలో పెట్టండి. అండ్, ఆర్ కలిసినచోట బ్రాకెట్ మరిస్తే ఆర్ పక్కన ఉన్న భాగం తల్లి–పిల్ల సంబంధాన్నే పక్కకు తోసేస్తుంది, అప్పుడు ముగింపు తేదీ చూడాల్సిన తేదీ తర్వాత ఉన్న ప్రతి వరుసా అన్ని వరుసలకూ పిల్ల అవుతుంది. క్వెరీ గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంటే మొదట వెతకాల్సింది ఈ బ్రాకెట్‌నే. డిస్టింక్ట్ పెట్టి డబుల్‌ను దాచేయొద్దు. దారి కాలమ్ చేరిస్తే రెండూ వేర్వేరు వరుసలై మళ్లీ బయటపడతాయి.

మీరు ఉత్తరంలో అడిగిన రెండో సంగతి: గ్రామ పంచాయతీల జాబితాకు హైదరాబాద్ జిల్లా అక్కర్లేదు, అదంతా నగరమే. ఆ కొమ్మను జిల్లా కోడ్ మీద, దిగే భాగంలోనే నరకండి. పేరు మీద వద్దు. హైదరాబాద్ అనే పేరు ఇంకే మెట్టు మీద ఉన్నా అదీ తెగిపోతుంది.

ఇదే జాతి సమస్య విడిభాగాల జాబితాల్లో మరింత గట్టిగా ఉంటుంది. ఒకే బోల్ట్ మోటార్‌లోనూ ఉంటుంది, ఫ్రేమ్‌లోనూ ఉంటుంది. కండిషన్‌ను పిల్ల మీద పెడితే (బోల్ట్ వద్దు) రెండుచోట్లా పోతుంది. లింక్ మీద పెడితే (మోటార్–బోల్ట్ వద్దు) ఫ్రేమ్‌లో మిగులుతుంది. మూడో కోరిక కూడా ఉంటుంది: మోటార్‌లో ఉండేది ఏదైనా సరే, ఇంకెక్కడ ఉన్నా వద్దు. ఇది ఒక నడకలో తేలదు. ముందు మోటార్ నుంచి కిందికి ఒక రికర్సివ్ విత్ నడిపి నిషిద్ధ భాగాల సెట్ తీయండి, తర్వాత అసలు చెట్టు నడిపి చివర నాట్ ఎగ్జిస్ట్స్‌తో ఆ సెట్‌ను తీసేయండి. ఈ మూడింటిలో ఏది కావాలో అడిగినవాళ్లను తిరిగి అడగకుండా క్వెరీ మొదలుపెట్టొద్దు.

ప్రశ్న: బ్లేక్ ఉద్యోగం ఖాళీగా ఉంది. అతను కనబడకూడదు, కానీ అతని కిందివాళ్లు నేరుగా కింగ్ కింద ఉన్నట్టు చూపించాలి. లెవెల్ కూడా 2 కావాలి.
– పాఠకురాలు, చెన్నై

జవాబు: ఇందులో కొమ్మ తీసేయడం కంటే దాన్ని పైకి అతికించడమే ఎక్కువ. కనెక్ట్ బైతో కష్టం, రికర్సివ్ విత్‌తో సుఖం. ప్రతి వరుసతో మూడు విషయాలు కిందికి మోయండి: ఈ వరుస దాచాలా (1 లేదా 0), కనబడే తల్లి ఎవరు, కనబడే మెట్టు ఎంత. రూట్‌కు దాచు 0, కనబడే తల్లి నల్, మెట్టు 1. దిగే భాగంలో లెక్క ఇది:

కేస్ వెన్ టీ.దాచు = 1 దెన్ టీ.కనబడే_తల్లి ఎల్స్ టీ.ఎంప్‌నో ఎండ్
టీ.కనబడే_మెట్టు + కేస్ వెన్ టీ.దాచు = 1 దెన్ 0 ఎల్స్ 1 ఎండ్

బ్లేక్ తల్లి కింగ్, కింగ్‌ను దాచలేదు. అందుకే బ్లేక్‌కు కనబడే తల్లి 7839, మెట్టు 2. అలెన్ తల్లి బ్లేక్, అతన్ని దాచాం. అందుకే అలెన్ తన తల్లి నుంచి 7839ను, మెట్టు 2ను యథాతథంగా తీసుకుంటాడు. చివరి సెలెక్ట్‌లో దాచు = 0 ఉన్నవాళ్లను తీసుకోండి, 13 వరుసలు వస్తాయి. వరసగా ఇద్దరు అధికారులు దాచాల్సినవాళ్లయినా లెక్క చెడదు. విజయవాడ పాఠకుడికి చెప్పిన తప్పుడు రిపోర్ట్ జబ్బుకు ఇదే మందు. జాబితాను క్రమంలో పెట్టేటప్పుడు మాత్రం అసలు తల్లిని కాక కనబడే తల్లిని వాడండి.

ప్రశ్న: ఫోల్డర్ అనుమతులు. పై ఫోల్డర్‌కు 'వద్దు' ఉంటే కిందివన్నీ వద్దు, కానీ మధ్యలో ఏ ఫోల్డర్‌కైనా ప్రత్యేకంగా 'సరే' ఉంటే అది, దాని కిందివి చూపించాలి.
– పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఇక్కడ కొమ్మను నరకకూడదు. నరికితే కింద ఉన్న 'సరే' దాకా చేరలేరు. దిగే భాగంలో కోఅలెస్(ఈ.అనుమతి, టీ.అనుమతి) అని మోయండి: తనకు రాసి ఉంటే అది, లేకపోతే తల్లిది. రూట్‌కు విలువ తప్పకుండా ఉండాలి. 'వద్దు' అయినవాటిని చివర్లో తీసేయండి.

ప్రశ్న: సిస్_కనెక్ట్_బై_పాత్‌తో దారి కట్టి, అందులో బ్లేక్ ఉన్నవాటిని నాట్ లైక్‌తో తీసేస్తున్నాను. ఫలితం సరిగానే ఉంది. తప్పేమైనా ఉందా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: చిన్న టేబుల్‌కు నడుస్తుంది. కానీ వద్దన్న కొమ్మ అంతా తిరిగిన తర్వాతే పారేస్తున్నారు. ఆ కొమ్మలో లక్ష వరుసలు ఉంటే లక్షా చదవాలి. పేరు మీద వెతుకుతుంటే 'బ్లేక్' అన్న అక్షరాలు ఇంకో పేరులో భాగంగా ఉన్నా తీసేస్తుంది. దారికి చివర కూడా స్లాష్ చేర్చి '%/7698/%' అని నంబర్‌తో, రెండు వైపులా గీతతో వెతకండి. విడదీసే గుర్తు డేటాలోనే ఉంటే ఓఆర్‌ఏ-30004 వస్తుంది.

ప్రశ్న: ఓఆర్‌ఏ-01436, లూప్ ఉందంటోంది. లూప్ ఉన్న కొమ్మను తీసేస్తే సరిపోతుందా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఎవరో కింగ్ ఎంజీఆర్‌లో జేమ్స్ నంబర్ (7900) వేశారనుకోండి. స్టార్ట్ విత్ ఈనేమ్ = 'కింగ్' అంటే కింగ్, బ్లేక్, జేమ్స్, మళ్లీ కింగ్. బ్లేక్‌ను కనెక్ట్ బైలో తీసేస్తే లూప్ దాకా వెళ్లనే వెళ్లరు, ఎర్రర్ రాదు. వేర్‌లో తీసేస్తే ఎర్రర్ తప్పదు, ఎందుకంటే వేర్ దాకా వచ్చేలోపే పడిపోతుంది. అయితే కొమ్మ తీసేసి ఎర్రర్‌ను దాటేయడం మంచి పని కాదు. నోసైకిల్ (లూప్ వచ్చినా ఎర్రర్ ఇవ్వొద్దనే మాట) పెట్టి కనెక్ట్_బై_ఈజ్‌సైకిల్ = 1 ఉన్న వరుసను పట్టుకోండి, ఇక్కడ జేమ్స్ దొరుకుతాడు. తర్వాత డేటా సరిచేయండి.

ఎర్రర్ ఇవ్వని లూప్ మరీ చెడ్డది. కింగ్ సరిగానే ఉన్నాడు, కానీ బ్లేక్ ఎంజీఆర్‌లో పొరపాటున 7900 పడింది. అంటే బ్లేక్‌కు జేమ్స్, జేమ్స్‌కు బ్లేక్ అధికారులు. స్టార్ట్ విత్ ఎంజీఆర్ ఈజ్ నల్ అంటే కింగ్ నుంచి ఆ ముడికి దారే లేదు. ఎవరూ అడగకుండానే బ్లేక్ కొమ్మ మొత్తం పోతుంది, 8 వరుసలు వస్తాయి, ఏ హెచ్చరికా ఉండదు. అందుకే కొమ్మ తీసేసే కండిషన్ లేకుండా ఒకసారి నడిపి, వచ్చిన వరుసల సంఖ్యను టేబుల్ మొత్తం సంఖ్యతో సరిచూడండి. తక్కువ వస్తే ముడిపడ్డవో, తల్లి లేని అనాథ వరుసలో ఉన్నాయన్నమాట.

ప్రశ్న: కండిషన్ సరైన చోటే పెట్టాను, అయినా క్వెరీ నెమ్మది.
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: తల్లి కాలమ్ మీద, అంటే ఎంజీఆర్ మీద, ఇండెక్స్ ఉందా? ఫారిన్ కీ పెట్టినంత మాత్రాన ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ ఆ కాలమ్‌కు ఇండెక్స్ కట్టవు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ కడుతుంది. ఎంజీఆర్, ఎంప్‌నో రెండూ కలిపి కడితే ఇంకా మంచిది. ఒరాకిల్ ప్లాన్‌లో 'కనెక్ట్ బై నో ఫిల్టరింగ్ విత్ స్టార్ట్ విత్' అని కనబడితే, అది టేబుల్ మొత్తం చదివి ఆ తర్వాత చెట్టు కడుతోందని. అప్పుడు కొమ్మ నరికినా చదివే పని తగ్గదు. 'కనెక్ట్ బై విత్ ఫిల్టరింగ్' అయితే మెట్టు మెట్టుకూ ఇండెక్స్ వాడుకుంటూ దిగుతుంది, నరికిన కొమ్మను చదివే పని నిజంగా తప్పుతుంది. చెట్టులో ఎక్కువ భాగం కావాలంటే మొదటిదే వేగం, చిన్న ముక్క చాలంటే రెండోది. రెండోదాన్ని బలవంతంగా రప్పించడానికి కనెక్ట్_బై_ఫిల్టరింగ్ అనే హింట్ ఉంది. ముందు ఇండెక్స్ కట్టి, స్టాటిస్టిక్స్ తాజా చేసి చూశాకే దాని జోలికి వెళ్లండి.